చిన్న జట్టు - పెద్ద ఆట

(బ్రూక్‌ఫీల్డ్‌లోని మన పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈ వేదికపై నిలిచి పరీక్షా ఫలితములను గూర్చి మాటలాడుట నాకు వాడుక. ఈ పర్యాయము కార్యదర్శిగారు ఆ వివరములన్నియు తమ నివేదికలో వినిపించియే యున్నారు. కనుక నాకొసగిన ఈ కొద్ది కాలమును, ఒక విద్యార్థి నన్నడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పుటకు వినియోగించుకొందును. ఆ ప్రశ్న బాలునిదే యైనను, సమాధానము వినవలసినవారు ముఖ్యముగా తల్లిదండ్రులైన మీరు.

గత నవంబరు మాసములో ఈ ప్రాంతపు పాఠశాలల ఫుట్‌బాల్ పోటీలలో మన జట్టు ఫైనలు వరకు వచ్చిన సంగతి మీరెరుగుదురు. ఎదుటి జట్టు తమ పాఠశాల బస్సులో వచ్చినది. మన పిల్లలు కొందరు నడిచియు, కొందరు తండ్రుల మోటారు సైకిళ్ళ వెనుక కూర్చుండియు వచ్చిరి. వారికి శిక్షకులిద్దరు. మనకు డ్రిల్లు మాష్టారే సమస్తమును. ఆటలో 3-1 తేడాతో మనము ఓడితిమి. తిరుగు ప్రయాణములో కుందలహళ్ళి వద్ద బస్సు కొరకు వేచియుండగా, తొమ్మిదవ తరగతి బాలుడొకడు నా ప్రక్కకు వచ్చి, "సార్, చిన్న స్కూళ్ళు ఎప్పుడైనా నిజంగా గెలుస్తాయా, లేకపోతే అది కథల్లోనేనా?" అని అడిగెను. "రేపు చెబుతాను" అంటిని. ఆ రేపు నేటి వరకు సాగినది.

ఈలోపుగా ఆ జట్టులోని నలుగురు బాలుర తండ్రులు నా గదికి వచ్చిరి. తమ బిడ్డలను ఆట నుండి మాన్పింపుడని కోరిరి. వారిలో ఒకరు చెప్పిన మాట నాకు నేటికిని గుర్తున్నది. "మాది రెక్కల మీద బతుకు సార్. ఆటలు ఉన్నవాళ్ళకి. వాడికి లెక్కల ట్యూషన్ పెట్టాను" అనిరి. ఆ తండ్రిని నేను తప్పుపట్టను. పొట్ట చేతపట్టుకొని పాలమూరు నుండియో, అనంతపురము నుండియో, శ్రీకాకుళము నుండియో ఈ నగరమునకు వచ్చి, పిల్లవాడు నాలుగక్షరములు నేర్చి గట్టున పడిన చాలునని కోరుకొనుట ధర్మమే. అయినను ఆ కుమారుని ప్రశ్నకు, ఈ తండ్రి మాటకు కలిపి నేనొక జవాబు బాకీపడితిని. దానిని ఈ సభలో చెల్లించుకొందును.

మొట్టమొదట మన దేశములో అందరును చెప్పుకొను పాత ఉదాహరణము తీసికొందము. 1911వ సంవత్సరము జూలై 29వ తేదీన కలకత్తాలో ఐ.ఎఫ్.ఏ. షీల్డు ఫైనలు జరిగినది. ఒకవైపు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటను ఆంగ్ల సైనిక దళము. రెండవవైపు మోహన్ బగాన్. ఆ జట్టులో సుధీర్ చటర్జీ ఒక్కరే బూట్లు తొడిగినవారు. తక్కిన పదిమందియు వట్టికాళ్ళతో దిగిరి. మొదటి గోలు సైనికులదే. పిమ్మట కెప్టెను శివదాస్ భాదురీ ఒక గోలును, ఆట ముగియుటకు కొద్ది నిమిషముల ముందు అభిలాష్ ఘోష్ మరియొక గోలును సాధించిరి. 2-1 తేడాతో ఆ షీల్డు మొదటిసారి భారతీయుల చేతికి వచ్చినది. ఈ కథ చెప్పువారు వట్టికాళ్ళ ముచ్చట చెప్పి ఊరకుందురు. నేను మరియొక లెక్క చెప్పెదను. మోహన్ బగాన్ సంఘము స్థాపితమైనది 1889లో. అనగా ఆ ఒక్క సాయంకాలమునకు వెనుక 22 సంవత్సరముల సాయంకాలములు కలవు.

ఇక మనమున్న ఊరి మాట. బొంబాయిలో 1891 నుండి రోవర్స్ కప్పు పోటీలు జరిగెడివి. నలుబది యైదేండ్ల పాటు ఆ కప్పు సైనిక దళముల చేతులు దాటి పోలేదు. ఆ వరుసను తెంచిన మొదటి భారతీయ జట్టు కలకత్తాది కాదు, బొంబాయిది కాదు. బెంగళూరు ముస్లిమ్స్ అను మన నగరపు జట్టు 1937లో ఆ కప్పును గెలిచినది. మరుసటి సంవత్సరము 1938లో మరల గెలిచినది. ఒకసారి గెలిచిన దానిని గాలివాటు గెలుపని కొట్టివేయవచ్చును. రెండవసారి కూడ గెలిచినచో దానికి వేరు పేరు పెట్టవలసియుండును. పిమ్మట 1946-47లో సంతోష్ ట్రోఫీ పోటీలు ఈ బెంగళూరులోనే జరిగినప్పుడు, మైసూరు జట్టు బెంగాలు జట్టును ఓడించి ఆ ట్రోఫీని మొదటిసారి తన రాష్ట్రమునకు సంపాదించినది. మీ పిల్లలు నేడు ఆడుచున్న మట్టికి ఇంతటి చరిత్ర కలదని మనలో ఎందరెరుగుదుము?

ఇప్పుడు మన తెలుగు నేల మీది కథ. దీనిని కొంచెము నిదానముగా చెప్పుటకు అనుమతింపుడు. ఏలయన ఈ కథకు నాయకుడు ఒక బడి పంతులు.

సయ్యద్ అబ్దుల్ రహీం గారు 1909లో హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బి.ఏ. పట్టము పొంది, కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల మొదలైన చోట్ల ఉపాధ్యాయులుగా పనిచేసిరి. వ్యాయామ విద్యలో డిప్లొమా పుచ్చుకొని బడులలో ఆటల బాధ్యత వహించిరి. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా ఉండి, 1950 నుండి సిటీ పోలీసు జట్టుకు శిక్షకులైరి.

ఆ పంతులుగారు చేసినదేమి? ఆయన చేతిలో ధనము లేదు. కలకత్తా జట్లకున్న ప్రఖ్యాతి లేదు. ఆయన మొదట పిల్లల ఆటను సరిదిద్దిరి. మన కుర్రవానికి బంతి దొరికినచో ఏమి చేయును? నలుగురిని తప్పించి తానే గోలు కొట్టవలెనని తిరుగును. చూచుటకు అది అందముగా నుండును. కాని ఎదుటివాడు బలవంతుడైనప్పుడు ఆ విద్య సాగదు. అందుచేత రహీం గారు బంతిని తనవద్దనే నిలుపుకొని తిరుగుట నిషేధించి, వెంటనే తోటివానికి అందింపవలెనను నియమముతో పోటీలు పెట్టించిరి. కుడికాలి వాటము గలవాడు ఎడమకాలితోనే కొట్టవలెనని మరియొక విధమైన పోటీలు పెట్టించిరి. మనిషి ఎంత వేగముగా పరుగెత్తినను బంతి అంతకంటె వేగముగా పోవును. ఎదుటివాడు బలిష్ఠుడు, ఎత్తరి, చక్కగా తిన్నవాడు అయినచో, వానిని మన శరీరముతో గెలువలేము. వాని కాలు పడులోపల బంతిని దాటించి గెలువవలెను. చిన్న జట్టునకు ఇంతకంటె వేరు రహస్యము లేదని నేననుకొందును.

సిటీ పోలీసు జట్టు 1943లోనే ఇదే బెంగళూరునకు వచ్చి, ఆష్ గోల్డ్ కప్పు ఫైనలులో రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించి వెళ్ళినది. 1950లో ఢిల్లీలో, స్వాతంత్ర్యానంతరము మొదటిసారి డ్యూరాండ్ కప్పు పోటీలు జరిగినవి. ఫైనలులో ఎదుటి జట్టు మోహన్ బగాన్. గమనింపుడు. 39 సంవత్సరముల క్రితము వట్టికాళ్ళతో దిగిన చిన్న జట్టే ఇప్పుడు దేశములోని పెద్ద జట్టు. దాని యెదుట మన పోలీసు జట్టు చిన్నది. మొదటి ఆట 2-2తో సమముగా ముగిసినది. తిరిగి ఆడిన ఆటలో 1-0తో హైదరాబాదువారు గెలిచిరి. అదే సంవత్సరము రోవర్స్ కప్పు కూడ వారిదే. 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు ఆ కప్పు హైదరాబాదు దాటి పోలేదు. డ్యూరాండ్ కప్పు 1954లోను, 1957లోను తిరిగి వారికే దక్కినది. 1961లో ఆంధ్ర పోలీసు అను పేరుతో, మరల మోహన్ బగాన్‌నే ఓడించి గెలిచిరి. పోలీసు శాఖ ఆ కుర్రవారికి ఉద్యోగమిచ్చినది. నెల జీతముచే ఇంటి దిగులు తీరినది. రహీం గారు విద్యనిచ్చిరి. ఇంట గెలిచి రచ్చ గెలువవలెనను సామెతకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

ఆయన దేశపు జట్టునకు కూడ శిక్షకులైరి. 1952 హెల్సింకి ఒలింపిక్సులో మనవారు, పలువురు బూట్లు లేకుండ, ఆ చలిదేశపు నేలపై ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిరి. అంతటి ఓటమిని దాచివేయక, దానివలన నేర్చుకొనిరి. పిమ్మట మనవారు బూట్లతోనే ఆడుట నేర్చిరి. నాలుగేండ్ల తరువాత 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో, మొదటి ఆటకు హంగేరీ జట్టు రానందున ఆడకయే ముందుకు సాగి, రెండవ ఆటలో ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించిరి. నెవిల్ డిసౌజా మూడు గోల్సు కొట్టెను. సెమీఫైనలులో మరల అదే యుగోస్లావియా. మొదటి గోలు మనదే. తుదకు 4-1తో ఓడితిమి. ఓటమి ఓటమియే. కాని పదింటికి ఒకటి, నాలుగింటికి ఒకటి - ఈ రెంటి నడుమ గల దూరము ఒక ఉపాధ్యాయుని నాలుగేండ్ల పని.

ఆ జట్టులో తులసీదాస్ బలరాం అను యువకుడుండెను. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పేద యింట పుట్టినవాడు. పోలీసువారు పారవేసిన పాత బూట్ల తోలుతో తనకు బూట్లు కుట్టించుకొనెనని చెప్పుదురు. అతడు 1960 రోము ఒలింపిక్సులో హంగేరీ మీదను, పెరూ మీదను గోల్సు కొట్టెను. 1962లో అర్జున పురస్కారమందుకొనెను. "ఆటలు ఉన్నవాళ్ళకి" అనిన తండ్రిగారు ఈ సభలోనే యున్నచో, బలరాం కథను వారికి ప్రత్యేకముగా నివేదించుచున్నాను.

1962 ఆసియా క్రీడలు జకార్తాలో జరిగినవి. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో మనవారు ఓడిరి. అటుపై థాయిలాండు, జపాను, దక్షిణ వియత్నాము జట్లను ఓడించి ఫైనలుకు వచ్చిరి. సెప్టెంబరు 4వ తేదీన ఎదురైనది తిరిగి అదే కొరియా. రాజకీయ కారణములచే అచటి ప్రజలు మనవారిపై కినిసియుండిరి. మైదానము నిండిన జనమంతయు ఎగతాళి చేయుచుండగా మన జట్టు దిగినది. మధ్యలో తలకు గాయమై కుట్లు పడిన రక్షక ఆటగాడు జర్నైల్ సింగును రహీం గారు ముందు వరుసకు తెచ్చిరి. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు కొట్టిరి. 2-1తో బంగారు పతకము మనదైనది. రహీం గారికి అప్పటికే క్యాన్సరు వ్యాధి ముదిరియుండెను. 1963 జూన్ 11వ తేదీన పరమపదించిరి. ఆ 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశము ఇంతవరకు బంగారు పతకము చూడలేదు.

మొదట ఓడినవాని చేతనే చివర గెలుచుట ప్రపంచమున మరియొక చోట కూడ జరిగినది. 1954 ప్రపంచ కప్పులో పశ్చిమ జర్మనీ తొలిదశ ఆటలో హంగేరీతో 8-3 తేడాతో ఓడినది. హంగేరీ నాలుగేండ్లుగా ఓటమి యెరుగని జట్టు. జూలై 4వ తేదీన స్విట్జర్లాండులోని బెర్న్ నగరమున ఫైనలు. ఎనిమిది నిమిషములలో హంగేరీ 2-0తో ముందంజ వేసినది. అంతటితో కథ ముగిసినదని లోకమనుకొనినది. ఆట ముగియునప్పటికి 3-2తో జర్మనీ గెలిచినది. మన పిల్లలను ఓడించిన పాఠశాల వచ్చే యేడు కూడ ఇచ్చటనే యుండును. ఆ సంగతి మన పిల్లలకు గుర్తు చేయుచున్నాను.

ఇదంతయు పాతకాలపు మాట, నేటి కాలమున ధనమే గెలుచునని మీరనవచ్చును. ఆ మాటలో కొంత నిజము కలదు. కనుక నేటి ఉదాహరణములను కూడ పరిశీలింతము.

మిజోరాములోని ఐజాల్ జట్టు 2015-16లో ఐ-లీగు పోటీలలో క్రిందికి జారి, ఆ పోటీల నుండియే తొలగింపబడినది. గోవా జట్లు కొన్ని తప్పుకొనుటచే తిరిగి చోటు దొరికినది. ఆ మరుసటి 2016-17లో ఆ జట్టే విజేత. రెండవ స్థానమున నిలిచిన మోహన్ బగాన్ కంటె ఒక్క పాయింటు ఎక్కువ. అంతకు ముందు కొన్ని యేండ్లుగా ఆ చిన్న కొండ రాష్ట్రములో స్థానిక లీగు పోటీలు నిలకడగా జరుగుచు, పేటపేటకు ఆటగాండ్రను తయారు చేయుచుండెను. నాటి హైదరాబాదు వీధులలో జరిగినదే నేడు ఆ కొండలలో జరిగినది.

2024 ఆగస్టు 31వ తేదీన కలకత్తా సాల్ట్ లేక్ మైదానములో డ్యూరాండ్ కప్పు ఫైనలు. పెద్ద జట్టు మరల మోహన్ బగాన్. ఎదుట గౌహతి కేంద్రముగా 2014లో పుట్టి, పదేండ్లుగా ఒక్క కప్పునైన ఎరుగని నార్త్ఈస్ట్ యునైటెడ్. సగము ఆట ముగియునప్పటికి 2-0తో మోహన్ బగాన్ ముందున్నది. రెండవ సగములో కొద్ది నిమిషములలోనే రెండు గోల్సు కొట్టి ఈశాన్యమువారు సమము చేసిరి. 1950లో వలెనే 2-2! పెనాల్టీలలో గోలుకీపరు గుర్మీత్ సింగ్ రెండింటిని ఆపగా 4-3తో గెలిచిరి. 74 సంవత్సరములు గడచినను పోటీ అదే, పెద్ద జట్టు అదే, మొదటి లెక్క కూడ అదే.

దాని తరువాతి అధ్యాయము ఇంకను బోధకరము. 2025 ఆగస్టు 23వ తేదీన నార్త్ఈస్ట్ తిరిగి డ్యూరాండ్ ఫైనలుకు వచ్చినది. ఇప్పుడు ఎదుట నున్నది డైమండ్ హార్బర్ అను కొత్త జట్టు. 2022లో పుట్టి, ఆ పోటీలో మొదటిసారి దిగి, సెమీఫైనలులో ఈస్ట్ బెంగాల్ వంటి మహా జట్టును ఓడించి వచ్చినది. ఫైనలులో 6-1 తేడాతో ఓడినది. నిన్నటి చిన్న జట్టు నేడు పెద్దదై, మరియొక చిన్న జట్టును నిర్దాక్షిణ్యముగా ఓడించినది. కనుక చిన్న జట్టు ఎల్లప్పుడు గెలుచునని నేను పిల్లలకు చెప్పను. అది అసత్యము. చిన్నతనము ఒక గుణము కాదు. అది ఒక దశ మాత్రమే.

ఇంకొక కథ మనకు దగ్గరిది, కొంచెము చేదుది. 2019లో హైదరాబాదు పేరుతో ఐ.ఎస్.ఎల్. పోటీలలో ఒక జట్టు ఏర్పడినది. మొదటి యేడు చిట్టచివరి స్థానము. 2022 మార్చి 20వ తేదీన గోవాలో జరిగిన ఫైనలులో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1తో సమముగా నిలిచి, పెనాల్టీలలో గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి నేర్పుతో 3-1తో గెలిచినది. అది న్యాయమైన విజయము. నేను ఆ రాత్రి పొరుగువారు కేకలు వేయునంతగా చప్పట్లు కొట్టితిని. కాని రెండేండ్లకే ఆ సంస్థ ఆర్థికముగా చితికి, 2023-24లో తిరిగి అట్టడుగు స్థానమునకు జారినది. 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడ మార్చుకొనినది. ఆ విజేతలు దేశవిదేశముల నుండి కూర్చబడినవారు. వారి ఆటలో లోపము లేదు. వారి క్రింద బడులు లేవు, పేటలు లేవు, రహీం గారి వంటి పంతుళ్ళు లేరు. నీరు పోయువాడు ఆగిన నాడు కుండీలోని చెట్టు ఎండిపోవును.

పాత కొత్తలను పోల్చి చూడగా నాకు తోచినదిది. నేటి ఆటగానికి మంచి బూట్లు, వైద్యము, ఎదుటివాని ఆటను చలనచిత్రముగా చూచి నేర్చుకొను సదుపాయము కలవు. ఇవన్నియు మేలైనవే. పాతకాలమే గొప్పదని నేననను. హెల్సింకిలో బూట్లు లేక పడిన అగచాట్లను గొప్పగా చెప్పుకొనుట వెఱ్ఱితనము. కాని చిన్న జట్టు ఒక్కసారి గెలుచుటకు ఒక్క రాత్రి అదృష్టము చాలును. ఐదేండ్లు గెలుచుటకు మాత్రము నాడును నేడును కావలసినది ఒక్కటే: ఎవరును చూడని సాయంకాలములలో పిల్లలతో నిలిచియుండు ఒక ఉపాధ్యాయుడు, వారిని పంపు ఇండ్లు. రహీం గారు గతించిన పిదప హైదరాబాదు ఫుట్‌బాల్ కొంతకాలము పాత బలముతో నిలిచి, 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచి, తరువాత క్రమముగా సన్నగిల్లినది. మన కర్ణాటక కథయు అట్టిదే. 1968-69లో మైసూరు జట్టుగా గెలిచిన సంతోష్ ట్రోఫీ, 2023 మార్చిలో మేఘాలయను 3-2తో ఓడించు వరకు, 54 సంవత్సరములు తిరిగి రాలేదు. పోయిన దానిని తిరిగి తెచ్చుకొనుటకు పట్టు కాలమది.

ఇప్పుడు నా తప్పొకటి మీ యెదుట ఒప్పుకొనవలెను. ఏడేండ్ల క్రితము పదవ తరగతి ఫలితములు తగ్గినవని నేనే సాయంకాలపు ఆటల గంటను రద్దుచేసి, ఆ గంటలో ప్రత్యేక తరగతి పెట్టించితిని. డ్రిల్లు మాష్టారు వలదని చెప్పిరి. నేను వినలేదు. ఫలితములు పెరుగలేదు. పెరిగినదొక్కటే, మధ్యాహ్నము తరువాత బడికి రాని పిల్లల సంఖ్య. తెలుగు మాధ్యమములో చదువు పిల్లవానికి ఈ నగరములో తాను తక్కువవాడనను భావము ప్రతి మలుపులోను ఎదురగును. ఆటస్థలములో ఆ భావము లేదు. అక్కడ మన పిల్లలు కన్నడములో పిలుచుకొనుచు, తెలుగులో పోట్లాడుకొనుచు, సమానులుగా పరుగెత్తుదురు. ఆ ఒక్క గంటను వారి వద్దనుండి లాగికొనినవాడను నేను.

మూడేండ్ల క్రితము ఆ గంటను తిరిగి ఇచ్చితిమి. మొదటి యేడు మన జట్టు తొలి ఆటలోనే 6-0తో ఓడినది. రెండవ యేడు ఒక ఆట గెలిచినది. ఈ యేడు ఫైనలు. ఈ లెక్క మీ పిల్లలది. దీనిని నేను హెల్సింకి, మెల్‌బోర్న్‌ల లెక్క ప్రక్కన పెట్టి చదువుకొనుచుంటిని. మొన్న ఓడిన జట్టులో ఏడుగురు వచ్చే యేడు కూడ మన బడిలోనే ఉందురు. వారిలో నలుగురిని మీరు మాన్పించినచో, డ్రిల్లు మాష్టారు మూడేండ్లు నేర్పిన పాఠము మరల మొదటి అక్షరము నుండి ప్రారంభింపవలెను.

కావున తల్లిదండ్రులకు నా విన్నపములు రెండు. మొదటిది, సాయంకాలము నాలుగు నుండి ఐదు వరకు పిల్లలను ఆటకు వదలుడు. ఐదు నుండి ఆరు వరకు లెక్కలు, ఇంగ్లీషు చెప్పుటకు మన ఉపాధ్యాయులిద్దరు అంగీకరించిరి. రుసుము లేదు. ట్యూషనుకు మీరిచ్చు పైకము మీ ఇంటనే యుండును. రెండవది, వారమునకొక్క సాయంకాలము, వీలున్నవారు, ఆటస్థలము అంచున వచ్చి నిలువుడు. మీరు ఆట నేర్పనక్కరలేదు. మీరు చూచుచున్నారని వారికి తెలిసిన చాలును.

బాలికల తల్లులకు కూడ ఒక మాట. 2025 జూలైలో మన దేశపు మహిళల జట్టు, తనకంటె పైస్థానమున నున్న థాయిలాండును వారి గడ్డపైననే 2-1తో ఓడించి, అర్హతపోటీల ద్వారా మొదటిసారి ఆసియా కప్పునకు చేరినది. ఆ అర్హతపోటీలకు వెళ్ళిన జట్టులో నిజామాబాదు జిల్లాకు చెందిన గుగులోత్ సౌమ్య ఒకతె. మన బాలికలు తమకు కూడ ఒక బంతి కావలెనని ఈ జూన్ నుండి అడుగుచున్నారు. సంఘమువారు నేడు దానిని మంజూరు చేసినట్లు అధ్యక్షులవారు నాకు చెప్పిరి. వారికి కృతజ్ఞతలు.

ఇక ఆ బాలునికి సమాధానము. అతడు మూడవ వరుసలో కూర్చున్నాడు. నాయనా, చిన్న స్కూళ్ళు నిజముగానే గెలుచును. 1911లో గెలిచినవి, 1937లో ఇదే ఊరిలోని జట్టు గెలిచినది, 1950లో ఒక బడిపంతులి శిష్యులు గెలిచిరి, 2024లో కూడ గెలిచినవి. నీవు గెలుతువని మాత్రము నేను మాట ఇవ్వలేను. రేపు సాయంకాలము నాలుగు గంటలకు ఆటస్థలము తెరచియుండునని, డ్రిల్లు మాష్టారుతో పాటు నేను కూడ అచట ఉందునని మాట ఇచ్చుచున్నాను. మీ నాన్నగారు కూడ వత్తురని ఆశించుచున్నాను.